సగం మీసం చాటింపు

రత్నగుట్టను ఏలే భుజబలరాయలవారికి పులులంటే భయం లేదు, శత్రువులంటే లెక్క లేదు. రాణిగారు వీణ నేర్చుకోవడం మొదలుపెట్టాకే ఆయన ధైర్యం సడలింది. రోజూ సరిగమల దగ్గరే తీగ తెగుతోంది. ఆమె కొత్త తీగ బిగించి, మళ్ళీ మొదటినుంచి వాయించి, "ఎలా ఉంది?" అని అడుగుతోంది. ఏం చెప్పాలో తెలియక రాజుగారు అంతఃపురం వైపు వెళ్ళడమే తగ్గించేశారు.

ఇంటికి వెళ్ళకుండా ఉండాలంటే చేతిలో పని ఉండాలి కదా. అందుకని కొలువు సాగదీయడం మొదలుపెట్టారు. కొత్త విన్నపాలు అయిపోతే పాతవి మళ్ళీ చదివించేవారు. అవీ అయిపోతే కోటగోడకు ఏ రంగు వేయిస్తే బాగుంటుందని చర్చ పెట్టేవారు. రాజు కంటే ముందు లేచి వెళ్ళడానికి సభలో ఎవరికీ ధైర్యం చాలేది కాదు. దాంతో దీపాలు పెట్టే వేళ దాటినా అందరూ ఆవులించుకుంటూ అక్కడే కూర్చునేవారు.

మంత్రి పేర్రాజుకు మాత్రం ఇది పండగ. ఆ మహానుభావుడికి తన మీసమన్నా, తన భాషన్నా తెగ గర్వం. కొలువు ముగిశాకే ఎవరైనా ఇంటికి వెళ్ళాలని చాటింపు వేయిద్దామనీ, అప్పుడు పనిచేసేవాడెవడో తేలిపోతుందనీ రాజుగారి చెవిలో ఊదాడు. చాటింపు మాటలు కూర్చే పని కూడా తనే నెత్తిన వేసుకున్నాడు. "ముగిసిన" అనడం మరీ వంటింటి మాటలా ఉందనిపించి, దాని బదులు "తీరిన" అని పెట్టుకుని మురిసిపోయాడు.

"కొలువు తీరిన పిమ్మటనే ఎల్లవారును ఇండ్లకు పోవలెను. మీరినవారికి సగము మీసము గొరుగబడును."

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే డప్పు కొట్టి మరీ ఇది చాటేవారు. ఇందులో అక్షరం తీసేందుకు లేదు, చేర్చేందుకు లేదని పేర్రాజు అడిగినవారికీ అడగనివారికీ చెప్పేవాడు.

కొలువులో ఉన్నవాళ్ళ సంసారాలన్నీ అటకెక్కాయి. సేనాపతిని ఆయన పెంచిన కుక్కే గుమ్మంలో పట్టుకుని కరిచింది. కోశాధికారి కొడుకు తండ్రిని చూసి, అమ్మా ఎవరో వచ్చారని కేకేశాడు.

విన్నపాలు చదివి వినిపించే గుండన్నకు ఇంకో చిక్కు వచ్చిపడింది. ఆయన కూతురు బుచ్చి తన బొమ్మను మంత్రిగారి మనవరాలి బొమ్మకిచ్చి పెళ్ళి కుదుర్చుకుంది. ఆడపెళ్ళివారి తరఫున పెద్ద గుండన్నే. ఆయన రాకపోవడంతో ముహూర్తం ఒకసారి తప్పింది, మరోసారి తప్పింది. విందుకని పెట్టిన అటుకులూ బెల్లమూ చీమలపాలయ్యాయి. రేపు మధ్యాహ్నం కూడా పిల్లవైపు పెద్ద కనబడకపోతే సంబంధం వదులుకుంటామని మగపెళ్ళివారు కబురు పంపారు.

"నీ మూలంగా మా పిల్ల పెళ్ళి చెడిపోతోంది నాన్నా" అని బుచ్చి ముక్కు చీదింది.

చెక్కబొమ్మ పెళ్ళే కావచ్చు, గుండన్నకు మాత్రం గుండె కలుక్కుమంది. ఏమైనా సరే, రేపు పెళ్ళిలో ఉండి తీరాలనుకున్నాడు.

తెల్లారి సభ నిండింది. రాజుగారు సింహాసనం మీద కూర్చోగానే భటుడు ఎప్పటిలాగే గొంతెత్తి, "భుజబలరాయలవారు కొలువు తీరారహో" అని చాటాడు.

గుండన్న లేచాడు. తలపాగా సర్దుకుని, రాజుకో దండం పెట్టి, వెళ్ళొస్తానని చెప్పి నడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. సభంతా నోరు వెళ్ళబెట్టింది. కోటగుమ్మం దగ్గర భటులు ఆయన్ని పట్టుకుని వెనక్కి తెచ్చేసరికి, పేర్రాజు మంగలిని పిలిపించి కత్తి కూడా నూరించి ఉంచాడు.

"ఏమయ్యా గుండన్నా, మా ఆజ్ఞనే మీరతావా?" అన్నారు రాజుగారు.

మీరలేదనీ, పొల్లుపోకుండా పాటించాననీ గుండన్న వినయంగా విన్నవించుకున్నాడు. కావాలంటే చాటింపు మరోసారి వినిపించమన్నాడు. పేర్రాజు తనే లేచి రాగం తీసి వినిపించాడు. మాటలో తప్పేమైనా దొర్లిందేమో చూసుకోమని గుండన్న అంటే, దొర్లితే తన మీసమే తీయించుకుంటానని మెలేసి చూపించాడు.

"సరే మంత్రిగారూ, ఇందాక భటుడు ఏమని చాటాడు?"

"ప్రభువులు కొలువు తీరారని."

"తీరారు కనకే నేను ఇంటికి బయల్దేరాను."

పేర్రాజు మొహం కందగడ్డలా అయింది. చాటింపులో తీరడమంటే ముగియడమని అర్థం చెప్పబోయాడు. గుండన్న చేతులు కట్టుకున్నాడు.

"ముగియడమే అయితే కొలువు ఇందాకే ముగిసింది, ఇంటికి పోవాలి. మొదలవడమంటారా, మొదలయ్యాక పొమ్మని మీరే చాటించారు, అప్పుడూ ఇంటికే పోవాలి. ఎటు తిప్పినా నా కాళ్ళు ఇంటివైపే పోతుంటే నన్నేం చెయ్యమంటారు?"

సభ గొల్లుమంది. సేనాపతి కుక్క కరిచిన కాలు పట్టుకుని మరీ నవ్వాడు. పేర్రాజు రెండు చేతులతోనూ మీసం మూసుకున్నాడు.

పాపం మంత్రిగారిని ఒక్కరినే అనడం న్యాయం కాదన్నాడు గుండన్న. చాటింపులో ఉన్నది ఎల్లవారును అని. కొలువు తీరాక కూడా ఇన్నాళ్ళు ఇంటికి పోకుండా కూర్చున్న ప్రతివారికీ సగం మీసం పోవలసిందే.

"ఎల్లవారూ అంటే..." అంటూ రాజుగారి చెయ్యి తన మీసం మీదికి పోయింది. మంగలి గబుక్కున కత్తిని వీపు వెనక దాచుకున్నాడు.

చాటింపు అక్కడికక్కడే రద్దయింది. ఇకమీదట ఎండ నడినెత్తికి రాకముందే కొలువు ముగుస్తుందని, ఈసారి వంటింటి మాటతోనే, రాజుగారు ప్రకటించారు. గుండన్నను దగ్గరికి పిలిచి ఏం కావాలో కోరుకోమన్నారు. బొమ్మల పెళ్ళికి సెలవిస్తే చాలన్నాడు గుండన్న. సెలవుతో పాటు ఆస్థాన మేళం కూడా ఇస్తానన్న రాజుగారు, ఆ తర్వాత గొంతు తగ్గించారు.

"అందరికీ ఇంటిదారి చూపించావు, బాగానే ఉంది. నా గతేమిటయ్యా? ఇంట్లో వీణ కాచుకుని కూర్చుంది."

మేళం అక్కర్లేదనీ, రాణిగారినే వచ్చి పెళ్ళిలో వాయించమంటే ఆవిడ ఎంతో సంతోషిస్తారనీ గుండన్న అన్నాడు.

"పెళ్ళివారు లేచిపోతారేమో."

"పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ చెక్కవాళ్ళు ప్రభూ. ఎంతసేపైనా కదలకుండా వింటారు."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. మెడలోని ముత్యాలహారం తీసి, పెళ్ళికూతురికని గుండన్న చేతిలో పెట్టి, అందరికంటే ముందు తనే సింహాసనం దిగారు. మగపెళ్ళివారి తాతగారైన పేర్రాజు మీసం మీద చెయ్యి తీయకుండానే పెళ్ళికి నడిచాడు.