రెండు గొంతుల ఆదివారం

పిలవని గడప తొక్కేది లేదని మొండిపట్టు పట్టిన దాలయ్య అనే కార్మికుడు, గోనెసంచులు నేసే ఒక జూట్ మిల్లు వెనక వరసగదుల్లో ఒంటరిగా ఉండేవాడు.

వారమంతా యంత్రాల మోతలో అతనికి తన సంగతే గుర్తొచ్చేది కాదు. ఆదివారం మిల్లు మూసేవారు. ఆ రోజు ప్రతి గదిలోనూ మసాలా నూరేవారు. చుట్టాలు వచ్చేవారు. పిల్లలు అరుగుల మీద గెంతేవారు. దాలయ్య గదికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. తాను ఒక్కడే కూర్చుని ఉండటం నలుగురి కంటా పడకూడదని అతను తలుపు వేసుకునేవాడు. నేల మీద సుద్దముక్కతో పులి-మేక ఆట గీసుకునేవాడు. గులకరాళ్ళు పులులు, చింతగింజలు మేకలు. రెండు వైపులా తానే ఆడేవాడు. ఆట రక్తి కట్టాలని పులికి బొంగురు గొంతు, మేకకు సన్నని గొంతు పెట్టి మాట్లాడేవాడు.

"ఏరా, నా దారి మూసేశావా?" అని పులి గద్దించేది.

"మూశాను. కదులు చూద్దాం!" అని మేక కవ్వించేది.

సాయంత్రానికి రెండు గొంతులూ అలసిపోయేవి. అప్పుడు గది మరీ బోసిగా ఉండేది.

ఇలా ఏడాది గడిచింది. ఒక ఆదివారం ఆట మధ్యలోనే అతను గింజలన్నీ విసురుగా తోసేశాడు. "ఇన్ని గదులున్నాయి. ఒక్కరైనా దాలయ్యా రా అనలేదు. ఇది మనుషులుండే చోటు కాదు" అనుకున్నాడు. పని మానేసి వెళ్ళిపోదామని పెట్టె సర్దుకున్నాడు. కానీ గది తాళంచెవి ఎవరికో ఒకరికి అప్పగించాలి కదా! తప్పనిసరై మొదటిసారి పక్కగది తలుపు తట్టాడు.

అసిరమ్మ పిండి చేతులతోనే తలుపు తీసింది.

"ఏటన్నయ్యా, పెట్టె పట్టుకున్నావు? మరి మీ చుట్టం ఒక్కడే ఉంటాడా గదిలో?"

"ఏ చుట్టం?"

"ఆదివారం ఆదివారం వస్తాడు కదా, ఆ సన్నగొంతు మనిషి! రావడం ఎప్పుడూ చూళ్ళేదు గానీ, గోడలోంచి అంతా వినిపిస్తాది. ఎంత దెబ్బలాడుకుంటారో!"

లోపలి నుంచి ఆమె భర్త సూరయ్య అందుకున్నాడు. "పులి-మేక అంటే నాకు ప్రాణం బావా. ఈ వరసలో ఆడేవాడే లేడు. ఎన్నిసార్లు నీ తలుపు దాకా వచ్చి వెనక్కి పోయానో! మీ ఇద్దరూ సరదాగా ఉన్నారు, మధ్యలో నేనెందుకని."

దాలయ్య తాళంచెవి వైపు చూసుకున్నాడు. చుట్టం ఊరెళ్ళాడని చెప్పేస్తే పరువు దక్కుతుంది. తాళంచెవి ఇచ్చి బస్సెక్కితే ఇంకెవరికీ తెలియదు. కానీ వెళ్ళిన ఊళ్ళోనూ ఆదివారం వస్తుంది. అక్కడా ఒక గది ఉంటుంది. అతను పెట్టె కింద పెట్టాడు.

"చుట్టం లేడు, ఎవరూ లేరు. రెండు గొంతులూ నావే. ఆదివారం వస్తే నాకు తోచదమ్మా" అన్నాడు.

సూరయ్య పకపకా నవ్వాడు. "అయితే ఇన్నాళ్ళూ ఓడిపోయిందీ నువ్వేనన్నమాట! రా, కూర్చో. ఇవాళ నా చేతిలో ఓడిపోదువుగాని."

"ఆ నవ్వేటి, మనిషి ముందు!" అని అసిరమ్మ భర్తను కసిరింది. "అన్నయ్యా, అట్లు పోస్తున్నాను. తిని మరీ ఓడిపో."

దాలయ్య తిన్నాడు. ఓడిపోయాడు. పట్టుబట్టి మళ్ళీ ఆడి మళ్ళీ ఓడిపోయాడు. తాను ఊహించని చోట ఎదుటివాడు గింజ పెడుతుంటే అతనికి ఎంతో హాయిగా అనిపించింది. చీకటి పడితే గానీ లేవలేదు. ఊరు విడిచి వెళ్ళనూ లేదు. పై ఆదివారం సూరయ్య పిలవకముందే వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. "తెల్లారిందో లేదో వచ్చేశావా బావా!" అంటే, "నిన్ను ఓడించాలంటే పొద్దు చాలదు" అన్నాడు.

మూసిన తలుపు వెనక ఉన్న ఒంటరితనం ఎవరికీ కనిపించదు; ఎవరో వచ్చి పిలవాలని పట్టుబట్టి కూర్చోక, మనమే వెళ్ళి మనసులో మాట చెప్పుకుంటే తోడు తప్పక దొరుకుతుంది.