నూకరత్నం చెయ్యి

అనగనగా అనకాపల్లిలో మేడమీద ఒక ఇల్లు. ఆ ఇంట్లో మాణిక్యాంబ అని ఒక అత్తగారు, నూకరత్నం అని ఒక కోడలు. పడుకుని వినవే బుజ్జీ. ఈ కథ తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నూకరత్నం ఏ కొమ్మ గుచ్చినా చిగురు వేసేది. అబ్బ, ఎంత మంచి చెయ్యమ్మా నీది అనేవారు. అందుకే వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా, పసుపు దంచేటప్పుడు మొదటి పోటు ఆమెచేతే వేయించేవారు. ఆ పిలుపంటే ఆమెకి ప్రాణం.

ఒకరోజు ఆమె ఆంథూరియం మొక్క తెచ్చుకుంది. దాని పువ్వు ఎర్రగా, లక్క పూసినట్టు నిగనిగలాడుతుంది. దానికి వెలుతురు కావాలి, ఎండ పడదు. అందుకని కిటికీకి కాస్త ఎడంగా పెట్టింది. మట్టిలో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్ళు పోసేది. తడిగుడ్డతో ఆకులు తుడిచేది.

అప్పుడు అత్తగారికి దర్జా పుట్టుకొచ్చింది. మొక్కని కుండీతో సహా ఇత్తడి గుండిగలో దింపి, హాల్లో టీవీ పక్కన పెట్టింది. గుండిగకి చిల్లు లేదు, నీళ్ళు నిలిచిపోతాయి అత్తమ్మా అని కోడలు చెప్పింది. నాకు నేర్పడానికొచ్చావా అని ఆవిడ కసిరింది. పైగా రోజూ తనే చెంబెడు నీళ్ళు కుమ్మరించేది. కోడల్ని దగ్గరికి రానిస్తేనా!

ఆ తర్వాత ఒక ఆకు పండిపోయింది. ఆ తర్వాత ఇంకోటి. మూడో ఆకు రాలేసరికి అత్తగారు మూడిళ్ళకి వెళ్ళి, మా కోడలి చెయ్యి మంచిది కాదు, అది తెచ్చిన మొక్క కుళ్ళిపోతోందని చెప్పొచ్చింది. ఏం నోరే అది, నోరా తాటిపట్టా!

ఆ మూడో ఇంట్లోనే పెళ్ళి పెట్టుకున్నారు. పసుపు దంచడానికి వీధి వీధంతా పిలిచారు, నూకరత్నాన్ని పిలవలేదు. ఎందుకని అడిగితే పక్కింటావిడ నీళ్ళు నమిలి, చివరికి చెప్పేసింది.

అప్పుడొచ్చింది చూడూ కోపం. నూకరత్నం విసవిసా వచ్చి, గుండిగలోంచి కుండీ పైకి లాగింది. అడుగున నల్లటి నీళ్ళు. ఇల్లంతా ఒకటే కంపు. మాణిక్యాంబ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

నూకరత్నం కుళ్ళిన వేళ్ళు కత్తిరించింది. కొబ్బరిపీచు, బొగ్గుముక్కలు కలిపిన మట్టిలో మొక్కని నాటి, మళ్ళీ కిటికీ దగ్గర పెట్టింది. ఆ తర్వాత అత్తగారి ఎదుట నిలబడింది.

"మూడిళ్ళలో అన్నారు. ఆ మూడిళ్ళలోనూ నిజం చెప్పండి. లేకపోతే ఈ గుండిగ నేనే తీసుకెళ్ళి చూపిస్తాను."

చేసేది లేక అత్తగారు ముందు నడిచింది, కోడలు వెనకాల. మొదటింట్లో, మొక్క బాగుపడుతుందిలే అని చల్లగా జారుకోబోయింది. నిజం ఒప్పుకునేదాకా కోడలు గుమ్మంలోంచి కదల్లేదు. రెండో ఇంట్లో, ఆ పాడు గుండిగ వల్ల వచ్చిందమ్మా అంది. అక్కడా ఒప్పుకునేదాకా కోడలు కదల్లేదు. మూడో ఇంట్లో రోలు కడిగి, బొట్లు పెట్టి, అందరూ చుట్టూ చేరి ఉన్నారు. అత్తగారు తల వంచుకుంది.

"తప్పు దాని చేతిది కాదమ్మా. నా నోటిది."

పెళ్ళికూతురి తల్లి రోకలి తెచ్చి నూకరత్నం చేతిలో పెట్టింది. ఆమె కోపం ఇంకా చల్లారలేదే తల్లీ. మొదటి పోటుకి ఆ ఇల్లంతా దద్దరిల్లింది.

కథేమో కంచికి, కునుకేమో మన మంచానికి.