ఎదురు కిటికీలో ఆవిడ

ఫణీంద్రది తెనాలి. పోర్చుగల్‌లో కొయింబ్రా అనే ఊళ్లో చదువుకుంటున్నాడు. వాళ్ల మేనత్తకి ఆ పేరు కోయంబత్తూరని వినబడి, వచ్చేటప్పుడు రెండు కాటన్ చీరలు పట్టుకురమ్మంది. అతను సరిదిద్దలేదు. ఊరి పేరు సరిదిద్దితే, అక్కడ చదివే చదువేమిటో కూడా చెప్పాల్సి వస్తుంది.

బొమ్మలు చూసి, నవలలు చదివి, సినిమాలు చూసి, యూరప్ వాళ్లు తమను తాము ఎవరనుకుంటున్నారో తెలుసుకోవడం. అదీ ఆ చదువు. ఏడాదిలో రెండొందల సినిమాలు చూశాడు. మ్యూజియంలో కాపలా ఆయన అతన్ని టికెట్ అడగడం కూడా మానేశాడు.

చివరికి ఫణీంద్రకి రహస్యం దొరికింది. ఏ బొమ్మలో చూసినా కిటికీ దగ్గర ఒక మనిషి. ఏ సినిమాలో చూసినా కిటికీ దగ్గర ఒక మనిషి, నాలుగు నిమిషాలపాటు కదలకుండా. యూరప్ అంటే ఏకాంతమని తేల్చేశాడు.

సాక్ష్యం కూడా ఎదురుగానే ఉంది. అతను ఉండేది ఇరుకు సందులో. ఎదురింటి మూడో అంతస్తు కిటికీలో ఒక ముసలావిడ ఆదివారం సాయంత్రాలు నల్ల శాలువా కప్పుకుని గంటలకొద్దీ నిలబడేది. ఆ ముఖంలో దిగులు చూస్తే ఫణీంద్రకి ఒళ్లు జలదరించేది. ఆవిడ మీద పదకొండు పేజీల అధ్యాయం రాశాడు.

శుక్రవారం ఆ కాగితాలు తీసుకుని ప్రొఫెసర్ లూర్దెస్ గదికి వెళ్లాడు. ఆమెకి డెబ్బై దగ్గర పడ్డాయి. మాటలు తక్కువ. ఆమె ఒప్పుకుంటేనే అతని చదువు రెండో ఏడాదికి సాగుతుంది.

ఆమె పదకొండు పేజీలూ తాపీగా చదివి కళ్లజోడు తీసింది.

"ఈవిడతో ఎప్పుడైనా మాట్లాడావా?"

"లేదు మేడమ్. మాట్లాడితే ఆ ఏకాంతం చెడిపోతుంది."

 లూర్దెస్ కుర్చీ పక్కనున్న గుడ్డ సంచీ తీసి అతని చేతిలో పెట్టింది. నిండా నిమ్మకాయలు.

"మా పెరట్లోవి. ఆదివారం ఆవిడకిచ్చి, సోమవారం రా."

"ఎవరు పంపారని చెప్పను మేడమ్?"

"నేనెవరో ఆవిడకి తెలీదు. నువ్వు తెచ్చానని చెప్పు."

"మరి నా అధ్యాయం?"

"నిమ్మకాయలు ఎక్కువ రోజులు ఆగవు," అందామె.

ఆదివారం సాయంత్రం ఫణీంద్ర మూడంతస్తులెక్కి తలుపు తట్టాడు. ముసలావిడ తలుపు తీసి, మాట్లాడొద్దని పెదాల మీద వేలుంచి, చొక్కా చెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది. కిటికీ గట్టు మీద చిన్న రేడియో. దాన్నుంచి ఒక వైరు శాలువాలోంచి ఆవిడ చెవిలోకి పోయింది.

ఫుట్‌బాల్ మ్యాచ్.

రెండు నిమిషాల్లో ఆవిడ ముఖంలోకి ఆ దిగులు వచ్చేసింది. ఫణీంద్ర పదకొండు పేజీలు రాసిన దిగులే.

"మావాళ్లు వరసగా పదో మ్యాచ్ ఓడిపోయారు బాబూ," అంది చెవిలో వైరు పీకేసి. "ఇల్లంతా తిరిగినా ఈ రేడియో పలికేది ఇక్కడొక్కచోటే. గట్టిగా ఏడుద్దామంటే కింది వాటా ఆయనది అవతలి జట్టు."

నిమ్మకాయలు అందుకుని అతన్ని కూర్చోబెట్టింది.

"ఎన్నాళ్లనుంచో అడగాలనుకుంటున్నాను. రోజూ సాయంత్రం నువ్వు చేసే ఆ పూజ ఏమిటి?"

"పూజా?"

"కిటికీలో నిలబడి తెల్లగుడ్డ ఊపుతావుగా. కళ్లమ్మట నీళ్లు కూడా కారుతుంటాయి. పోయినవాళ్లని తలుచుకుంటున్నావనుకుని, ఆ టైముకి నేను గిన్నెలు తోమడం ఆపేస్తాను."

ఫణీంద్రకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి.

"పప్పులో పోపు పెడతానమ్మా. ఎండుమిరపకాయల పొగకి గదిలో అలారం మోగుతుంది. తువ్వాలుతో ఆ పొగ బయటికి తోలుతుంటాను."

పోపంటే ఏమిటో చెప్పడానికి అతనికి వచ్చిన పోర్చుగీసు చాలలేదు. గదికి పరుగెత్తి ఆవాలూ మిరపకాయలూ తెచ్చి, ఆవిడ పొయ్యి మీదే చేసి చూపించాడు. ఇద్దరూ దగ్గుతూ, నవ్వుతూ కిటికీ దగ్గరికి పరుగెత్తారు. ఇల్లు తగలబడుతోందేమోనని కింది వాటా ఆయన పైకొచ్చాడు. ఆవిడ తలుపు పూర్తిగా తియ్యకుండానే పంపేసింది.

తర్వాత చేపలకూర పెట్టి మూడుసార్లు వడ్డించింది. పేరడిగింది. 'ఫణీంద్ర' నోరు తిరగక నాలుగుసార్లు అని చూసుకుంది. వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులున్నాయా అనడిగి, ఉన్నాయంటే మందు చెప్పింది.

సోమవారం ఫణీంద్ర ఇదంతా లూర్దెస్‌కి చెప్పాడు, నవ్వాపుకోలేక మధ్యమధ్య ఆగుతూ. ఆమె కూడా నవ్వింది.

"పదకొండు పేజీలూ చించేస్తాను మేడమ్," అన్నాడు. "ఆ చోట ఏం రాయాలో మీరే చెప్పండి. మళ్లీ ఆవిడ మీదే మొదలుపెడతాను."

లూర్దెస్ కొత్త కాగితం తీసుకుని కలం మూత తీసింది.

"ఆవిడ పేరేమిటి?"

ఫణీంద్ర చెప్పబోయాడు. ఆవిడ తన పేరడిగింది గానీ, ఆవిడ పేరు తను అడగనేలేదు. 

అతను లేచి, తలుపు దగ్గరగా వేసి, మెట్లు దిగి తన సందు వైపు నడిచాడు.