తుమ్మవేరు మలుపు

వేరుశనగ చేను గట్టు కింద పన్నెండు ఎలుకల కాపురాలు. వాటికి సొరంగాలు తవ్విపెట్టింది మేస్త్రి పందికొక్కు. దానిది ఒకటే లెక్క: దగ్గర్లో ఉన్న సొరంగంలోకి దారి కలుపు, ఇంటికి రెండు తలుపులు పెట్టు. తవ్వకం తక్కువ, పని చకచకా.

"మేస్త్రీ, పైకి పోయే దారులన్నీ ఆ తుమ్మవేరు దగ్గరే కలుస్తున్నాయి. అక్కడేదైనా అడ్డం పడితే?" అంది ముసలి ఎలుక నూకాలవ్వ.

"అనుమానం పెనుభూతం అవ్వా! పొద్దున తిన్నదే నీకు గుర్తుండదు, నాకు తవ్వకం నేర్పుతావా? ఏడు పంటలుగా ఇదే పద్ధతి. ఒక్క ఎలుకకైనా గీటు పడిందా?"

"పడలేదు నాయనా. పడే రోజు చెప్పి రాదుగా."

ఎలుకలన్నీ పకపకా నవ్వాయి. నూకాలవ్వ మాత్రం రోజూ కాస్త కాస్త గోకి, గట్టు అవతలికి సన్నటి బొరియ తీసింది. చివర బయటికి కనపడకుండా పలచగా మట్టి ఉంచింది. మరిచిపోతానన్న భయంతో మలుపు మలుపునా ఓ వేపగింజ పెట్టింది. వేపగింజనైతే ఎవరూ తినరు.

ఒక మధ్యాహ్నం సొరంగాల్లో గాలి ఆగిపోయింది. తుమ్మవేరు దగ్గర జెర్రిపోతు చుట్ట చుట్టుకుని ఉంది.

"తొందరేం లేదర్రా," అంది మెల్లగా. "ఏ తలుపులోంచి వచ్చినా నా దగ్గరికే వస్తారు."

బాలింత ఎలుక చిట్టెమ్మ, కళ్లు తెరవని ఐదుగురు పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుంది. "అవ్వా, నీ బొరియ ఎటు?"

నూకాలవ్వ నోరు తెరిచింది. గుర్తు రాలేదు. కుడికా? ఎడమకా? పొలుసులు మట్టికి రాసుకుంటున్న చప్పుడు. నేలంతా వాసన చూసింది. ముక్కుకు చేదు తగిలింది.

"ఇదిగో గింజ! తలా ఓ పిల్లని కరుచుకుని నా వెనకాలే రండి. మేస్త్రీ, నువ్వూ రా!"

"ఆ ఇరుకులో నేను పట్టను. నా ఇంటికి రెండు తలుపులున్నాయి," అంటూ పందికొక్కు మొదటి తలుపులోంచి పరిగెత్తింది. పాము బుస విని వెనక్కి తిరిగి రెండో తలుపులోంచి దూకింది. అదీ తుమ్మవేరు దగ్గరే తేలింది.

"రా మేస్త్రీ," అంది జెర్రిపోతు. "తవ్వకం బాగా కుదిరింది."

చివరి మట్టిని తోసుకుని ఎలుకలన్నీ గట్టు అవతల ఎండలోకి వచ్చాక, నూకాలవ్వ పిల్లల్ని లెక్కపెట్టింది. ఐదు. నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టింది.

తలుపులు రెండైతే చాలదు, దారులు రెండు కావాలి.