పెరుగు గిన్నెను చూసిన రాజు

ఒక రాజుకు ఒక మంచి గుణం ఉండేది. ఒకసారి చూసిన ముఖాన్ని మరిచిపోయేవాడు కాదు. అది గొప్పని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. చెప్పడానికి జీతాలిచ్చి వేరే మనుషులను పెట్టుకున్నాడు.

ఆ మోజులోనే, వయసులో ఉన్నప్పుడు, ఒక శాసనం చెక్కించాడు. ఏటా దసరా కొలువుకు వచ్చిన ప్రతివారినీ రాజు ముఖం చూసి పేరుతో పిలవాలి. ఒక్కరి పేరు తెలియకపోయినా సింహాసనం దిగాలి. రాతి మీద చెక్కించాడు కాబట్టి తుడిచేయడానికి వీల్లేదు.

జుట్టు పూర్తిగా నెరిసిన ఏడాది, కొలువుకూటంలో స్తంభాలు వంగడం మొదలుపెట్టాయి. రాజు శిల్పిని పిలిపించి చీవాట్లు పెట్టాడు. శిల్పి గుండు కట్టిన దారాన్ని స్తంభం పక్కన వేలాడదీసి చూపించాడు.

"నిట్టనిలువుగా ఉంది ప్రభూ."

"దారం కూడా వంకరే," అన్నాడు రాజు. "ఎక్కడ కొన్నావు?"

కొన్నాళ్ళకు ఆ వంకరల మధ్య ఒక కాకి వచ్చి వాలింది. రాజు ఎటు చూస్తే అటు వాలేది. మంత్రిని చూస్తే తలపాగా, భుజాలు, వాటి నడుమ కాకి. మంత్రి విషయంలో ఆయనకు పెద్ద లోటు తెలియలేదు. రాణిని చూసినప్పుడు తెలిసింది.

వైద్యుడు వచ్చి, దీపం పెట్టి కళ్ళలోకి చూశాడు. "వయసు మీద పడ్డాక వచ్చే కాకి ఇది ప్రభూ. చూపు నడిమధ్యన గూడు కడుతోంది. నెలనెలా కంట్లో సూది వేయాలి."

"ఎవరి కంట్లో?" అన్నాడు రాజు ఆశగా.

"తమ కంట్లోనే."

"వేస్తే కాకి పోతుందా?"

"పోదు. పుల్లలు తేవడం మానేస్తుంది."

"వచ్చిన కాకిని తోలలేనివాడివి, నువ్వేం వైద్యుడివయ్యా?"

"కోటంతా గూడు కాకుండా ఆపేవాణ్ణి ప్రభూ."

యుద్ధాల్లో బల్లెపు పోట్లు తిన్న రాజు సూదిని చూసి రాణి చెయ్యి పట్టుకున్నాడు. తీరా చూస్తే తను వణికినంత నొప్పి లేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, పరామర్శలు తగ్గిపోతాయని.

నెలలు గడిచాయి. స్తంభాలు కాస్త సర్దుకున్నాయి. కాకి లావెక్కలేదు. అలాగని లేచీ పోలేదు. దసరా దగ్గరపడింది, రాజుకు ముద్ద దిగడం మానేసింది.

"దిగిపోతే దిగిపోతారు," అంది రాణి ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర. "దిగాక ఏం చేస్తారన్నదే నా బెంగ. మీకు రాజరికం తప్ప ఇంకో పని చేతకాదు."

"అదైనా చేతనవునని ఎవరన్నారు నీతో?" అని రాజు అలిగి, ముఖం తిప్పేసుకుని, పెరుగు గిన్నె వంక చూశాడు.

కాకి పోయి పెరుగులో వాలింది. గిన్నెకు అవతల, చూపు అంచున, ముక్కుపుడక ఒకటి తళుక్కుమంది. దాని వెంట ముక్కు వచ్చింది. ముక్కు కింద, నవ్వు ఆపుకుంటున్న పెదవులు. మసకగానే, కానీ ఆమే.

రాజు కదలలేదు. కదిలితే పోతుందేమోనని చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకున్నాడు. "నువ్వు కనిపిస్తున్నావు."

"పెరుగులోనా?"

"గిన్నెను చూస్తే నువ్వు కనిపిస్తున్నావే. నిన్ను చూస్తే కాకి. దాన్ని పెరుగు మీదికి తోలాను."

"కొత్త కాపురంలో నన్ను చూస్తూ పెరుగు ఒలకబోసేవారు. ఇప్పుడు పెరుగును చూస్తూ నన్ను చూస్తారా? ఈ వయసులో ఓరచూపులేమిటండీ, వడ్డించేవాళ్ళు నవ్విపోతారు," అంటూ రాణి పైట సర్దుకుంది. ఆ సర్దుకోవడం కూడా ఆయనకు కనిపించింది.

ఆ పూట రాజు మారు వడ్డించుకున్నాడు. చెయ్యి కడుక్కున్నాక కోటంతా చుట్టబెట్టాడు. పూలకుండీని చూసి తోటమాలిని పలకరించాడు, గొళ్ళేన్ని చూసి కాపలావాణ్ణి పలకరించాడు. సేనాపతిని చూద్దామని పక్కనున్న కోశాధికారి మీద చూపు నిలిపితే, కోశాధికారికి ముచ్చెమటలు పోశాయి. అడక్కుండానే కాళ్ళ మీద పడి, రాజుకు తెలియని తప్పులన్నీ ఒప్పుకున్నాడు. కళ్ళు బాగున్న రోజుల్లో ఇంత బాగా పరిపాలించిన గుర్తు రాజుకు లేదు.

దసరా వచ్చింది. కొలువుకూటం నడిమధ్య సింహాసనం, ఒక మెట్టు కింద పక్కగా రాణి పీఠం, చుట్టూ జనం. రాజు వచ్చినవారి చెవి పక్కనున్న ఖాళీని ప్రేమగా చూస్తూ మొదలుపెట్టాడు.

"రా ఎరకయ్యా, మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఏం నరసమ్మా, ఈసారి గంధం పలచనైందే?"

ముఖాలు ఆలస్యంగా వచ్చాయి, కానీ వచ్చాయి. రాని చోట నడకో, గొంతో, దగ్గో ముందు వచ్చి చెప్పిపోయింది. ఒక్కో పేరుకూ సభ ఒక్కో అంగుళం ముందుకు జరిగింది. ఆఖరివాడి పేరు కూడా తప్పకపోయేసరికి నగారా మీదికి కర్రలు లేచాయి.

"ఆగండి," అన్నాడు రాజు. "ఇంకొకరున్నారు."

మంత్రి నాలుగు మూలలా చూశాడు. "ఎవరూ లేరు ప్రభూ."

"అందరికన్నా ముందే వచ్చి కూర్చుంది. దాని పేరు నాకు తెలియదు."

రాణి చేతి గాజులు ఒక్కసారి చప్పుడు చేసి ఊరుకున్నాయి. రాజు లేచాడు. కిరీటం సర్దుకుని, సింహాసనం మీంచి ఒక మెట్టు దిగి, రాణి పీఠం మీద సగం చోటు చేయించుకుని కూర్చున్నాడు.

"ప్రభూ, దిగడమంటే మరి..." అని మంత్రి నసిగాడు.

"దిగాలని చెక్కించాను. ఎన్ని మెట్లో చెక్కించడానికి రాయి చాలలేదు. నగారా కొట్టమను."

నగారా మోగింది. రాజు ఖాళీ సింహాసనం వైపు తిరిగి దాన్నే సూటిగా చూశాడు. కాకి దర్జాగా వెళ్ళి దాని మీద వాలింది. ఇటు ముక్కుపుడక, అటు మంత్రి తలపాగా, ఆ వెనక ఎరకయ్య, నరసమ్మ, ఊరంతా ఒక్కసారిగా కనిపించారు.

"ఇంతకీ దాని పేరేమిటి?" అని అడిగింది రాణి, ఆయన చెవి దగ్గర.

"ఇంకా నేర్చుకోలేదు," అన్నాడు రాజు.