ఇరవై వరసల బొంత

శనక్కాయ చేలు తవ్వేసి, ఎండిన కట్టెను పశువుల మేతకి వామి వేసేశాక ఆ గుట్ట కింది జంతువులకి రెండే పనులు. మట్టిలో మిగిలిన కాయలు ఏరుకోవడం, చలికి బొంతలు కుట్టించుకోవడం. అందరికీ కుట్టేది మాత్రం ఒక్కతే, ముళ్లపంది సుంకులక్క. వీపున ఉన్న ముల్లొకటి పీకి, దానికి బెజ్జం పెట్టి, అదే సూదిగా కుడుతుంది. కుట్టుపనిలో పడితే కాయలు ఏరుకునే తీరిక ఉండదు కాబట్టి కూలి కాయల్లోనే పుచ్చుకుంటుంది. ఆ కూలి అడిగేటప్పుడే ఆమెకి ప్రాణం విసిగిపోతుంది.

ఈ ఏడు ఆ విసుగు నక్క ఓబులప్ప రూపంలో వచ్చింది. కోడలికి నెలలు నిండాయని, పుట్టబోయే పిల్లలకి బొంత కావాలని, ఎవరి కంచె మీదనో ఆరేసిన గుడ్డలన్నీ మూటకట్టి తెచ్చి పడేశాడు. కూలి ఎంతని అడిగితే, "పని కానీలే అక్కా, మనలో మనకేంది" అన్నాడు. ఆ మాటకి తలూపడమే సుంకులక్క చేసిన తప్పు. రెండు పొరలు చాలన్నవాడు, కుట్టాక మూడు కావాలన్నాడు. ఎర్ర అంచు వేస్తే పచ్చది బాగుంటుందన్నాడు. అన్నీ విప్పి మళ్లీ కుట్టింది. పదిహేను రోజుల్లో ఏడు ముళ్లు విరిగాయి. బొరియలో ముగ్గురు పిల్లలకి మిగిలింది ఒకే ఒక్క సేరు కాయలు.

పదహారో రోజు పొద్దున్నే నక్క దిగబడ్డాడు. "అయిపోయిందా అక్కా?"

"అంచు నుంచి చుట్టూ కుట్టుకుంటా వచ్చినా. నడుమన ఒక్క వరస ఉంది. పది సేర్లు తెచ్చినావా?"

"పదా!" నక్క నోరు వెళ్లబెట్టాడు. "గుడ్డలు నావి. దారం నాది. సూదులంటావా, నీ వీపున ఊరికే మొలుస్తాయి. నీకేం ఖర్చయిందని పది? రెండిస్తా."

"ఊరికే మొలుస్తాయా? పీకితే నొప్పి నీకా, నాకా?"

"నీడన కూర్చోని చేసే పనికి ఇంత రాద్ధాంతమా! నువ్వే చెప్పు పెద్దాయనా."

వామి పక్కన నెమరు వేస్తున్న ముసలి ఎద్దు తల తిప్పింది. "నేనెప్పుడన్నా కుట్టినానా? నాకేం తెలుస్తాదిరా?"

సుంకులక్కకి ఒళ్లు మండిపోయింది. సూది తీసి నక్క ముందు విసిరేసింది. "నా చేతులు వాచినాయి. ఆ మిగిలిన వరస నువ్వే కుట్టు. కూలి నేనిస్తా. ఎంత కావాలో అడుగు."

కోపంలో అన్న మాటే. కానీ నక్క కళ్లు మెరవడం చూశాక, ఇదేదో పనికొచ్చేలాగే ఉందని ఆమెకి తోచింది.

నడుమ వరస అన్నిటికన్నా పొట్టిది. చిటికెలో పని అనుకున్నాడు నక్క. "అర సేరియ్యి, చాలు."

"సరే."

బెజ్జంలోకి దారం ఎక్కించేసరికే ఎండ నెత్తికొచ్చింది. మూడు పొరల్లోంచి సూది దిగదు. దిగితే వేలికి గుచ్చుకుంటుంది. దారం ముడి పడుతుంది, విప్పితే తెగుతుంది. వంకరటింకరగా ఆ ఒక్క వరస ముగించేటప్పటికి నక్క నడుము పట్టేసింది.

"అర సేరు కుదర్దు, సేరు కావాల!" అని అరిచాడు. "కళ్లు పోయినాయి, వేలంతా రక్తం. ఇది కూర్చోని చేసే పనని ఎవడన్నాడో గానీ!"

"నువ్వేరా" అంది ఎద్దు.

సుంకులక్క బొరియ వైపు చూసింది. ఉన్న సేరూ ఇచ్చేస్తే సాయంత్రం పిల్లలకి పెట్టడానికి ఒక్క కాయ ఉండదు. అయినా బొరియలోకి వెళ్లి, తెచ్చి, నక్క ముందు కుమ్మరించింది.

"వరసకి సేరు. న్యాయమేనా ఓబులప్పా?"

"న్యాయమే! ఇంకా తక్కువే అడిగినా."

"విన్నావా పెద్దాయనా?"

"విన్నానమ్మా."

సుంకులక్క బొంత మీదికెక్కి కూర్చుని ముళ్లన్నీ నిక్కబొడుచుకుంది. "అయితే నేను కుట్టింది పందొమ్మిది వరసలు. పందొమ్మిది సేర్లు తెచ్చి బొంత తీసుకుపో. అవన్నీ నీ వరసకన్నా పొడుగువే, ఆ తేడా వదిలేస్తున్నాలే."

నక్క బొంత కొస పట్టుకుని లాగబోతే ముక్కుకి రెండు ముళ్లు దిగాయి. "అక్కా, పది అన్నావు కదా! ఆ పదే తీసుకో."

"పది నేను చెప్పిన ధర. అది నీకు నచ్చలా. పందొమ్మిది నువ్వు చెప్పిన ధర."

"నాకు కుట్టడం రాదు గానీ, లెక్క వచ్చు. పందొమ్మిదే" అంది ఎద్దు.

చలిగాలి మొదలైంది, కోడలికి ఇవాళో రేపో అన్నట్టుంది. నక్క మూలుగుతూ, తను దాచుకున్న కాయలు అయిదు విడతలుగా మోసుకొచ్చాడు. ఆ సాయంత్రం సుంకులక్క పిల్లలు కడుపునిండా తిన్నారు.

మర్నాడు కుందేలు గుడ్డల మూటతో వచ్చింది. "కూలెంత అక్కా?"

"పది సేర్లు. ముందే చెప్తున్నా."

కుందేలు బేరానికి నోరు తెరిచింది. సుంకులక్క మారు మాట్లాడకుండా సూది తీసి దాని చేతిలో పెట్టబోయింది.

"వద్దులే అక్కా, పది తెస్తా" అంటూ కుందేలు రెండడుగులు వెనక్కి గెంతింది.

నీతి: ఒకరి పనికి వెల కట్టేముందు, అదే పని మనం చేస్తే ఎంత అడుగుతామో ఆలోచించాలి.