నారింజ చేపకి మూడు సున్నపు పట్టీలు

“నూకాలూ! ఒలే నూకాలూ! నీ తొట్టిలో రెండు చేపలు తగ్గాయే!”

మామ్మ కేక వినగానే నూకాలు ఒళ్ళో గవ్వలన్నీ ఇసకలో పారబోసి పరిగెత్తుకొచ్చింది.

ఇది ఈనాటి మాట కాదు. ఒకప్పుడు నారింజ చేప ఒంటి మీద చారలే ఉండేవి కావు. తల నుంచి తోక దాకా ఒకటే రంగు, ఒలిచిన నారింజ తొన రంగు. ఆ రోజుల్లో సముద్రం మనుషులతో మాట్లాడేది. గట్టు మీద ప్రతి ఇంటి వాకిట్లో ఒక రాతి తొట్టి ఉండేది. అందులో ఉప్పునీళ్ళు పోసి, నాలుగు పగడపు రాళ్ళు పేర్చి, బుల్లి సముద్రాన్ని పెంచుకునేవాళ్ళు. అసలు సముద్రాన్నేమో గంగమ్మ అని పిలిచేవాళ్ళు.

ఆ గంగమ్మ నూకాలుకి ఒక సముద్ర పువ్వునిచ్చింది. పేరుకి పువ్వే గానీ అదొక ప్రాణి. రేకులన్నీ సన్నటి గులాబీ వేళ్ళలా ఉంటాయి. తెలియనివాళ్ళు తాకితే చుర్రుమని కుడుతుంది. తొట్టిలోకి వచ్చిన రోజు నుంచీ అది మొగ్గలా ముడుచుకునే ఉంది. తిండి లేదు, పలుకు లేదు.

“దానికి తోడు కావాలి,” అంది గంగమ్మ. “మధ్యాహ్నం పోటు అలతో రోజూ చేపల్ని మీ గట్టుకి తెస్తాను, చూసి తీసుకో. వచ్చే పున్నమికి కూడా పువ్వు విచ్చుకోకపోతే తిరిగి పట్టుకుపోతాను. నా బిడ్డ నా కళ్ళ ముందు వాడిపోతుంటే చూడలేను.”

నూకాలుకి ఆ పువ్వంటే ప్రాణం. పొద్దున్నే దాన్ని పలకరిస్తే గానీ గంజి గొంతు దిగదు. అందుకే తోడు వెతకడానికి ఉరుకులు పరుగుల మీద వెళ్ళింది. వెళ్ళి, గాజులమ్మేవాడి మలారం ముందు కూర్చున్నట్టు రంగులు చూసి ఏరుకొచ్చింది.

మొదట రెండు నీలం చేపపిల్లలు. తర్వాత నెమలి రెక్కల చేప. అబ్బ, ఏం అందం! రెక్కలు విప్పితే మహారాణి పల్లకీ దిగినట్టే ఉంది. తీరా తెల్లారేసరికి నీలం పిల్లలు రెండూ లేవు. మామ్మ కేక పెట్టింది అందుకే.

“మా నీలం పిల్లలేవీ?” అని నిలదీసింది నూకాలు.

“నాకేం తెలుసు?” అని నెమలి రెక్కల చేప బ్రేవ్‌మని త్రేన్చింది. “నా అందం చూసి మురిసిపోయావు గానీ, ఏం తింటావని ఒక్క ముక్క అడిగావా?”

దాన్ని తీసుకెళ్ళి గంగమ్మ ఒడిలో వదిలేసింది. ఆ తర్వాత పసుపు చేప వచ్చింది. వచ్చీ రాగానే పువ్వు వేళ్ళ కొసలు కొరుక్కుతినడం మొదలెట్టింది.

“అయ్యయ్యో, ఇదేం పని?”

“రుచిగా ఉన్నాయమ్మా, నన్నేం చెయ్యమంటావు?” అంది అది నములుతూ.

దాన్నీ పంపేసింది. ఈసారి ఊదారంగు చేప. కళ్ళు అరమోడ్చి, రెక్కలు ముడుచుకుని, ఓ మూల కదలకుండా నిలబడింది. నూకాలు మురిసిపోయింది. “చూడవే మామ్మా, ఎన్ని కలలు కంటోందో! అచ్చం నాలాగే.”

మామ్మ వంగి చూసింది. “కలలేటే నీ మొహం! డొక్క చూడు, ఎలా లోపలికెళ్ళిపోయిందో. దానికి జొరమే పిచ్చిదానా! తీసుకెళ్ళి వాళ్ళమ్మకిచ్చెయ్.”

నూకాలుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పున్నమి ఇంక నాలుగు రోజులే ఉంది. మామ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, బొడ్డులోంచి సున్నపుకాయ తీసి, తమలపాకుకి సున్నం రాస్తూ చెప్పింది.

“రంగు తర్వాత చూద్దువు గానీ, ముందు కన్ను చూడు, తేటగా ఉండాలి. రెక్క విప్పాలి. నీ చేతిలో తిండి పెడితే ఎగబడి తినాలి. ఎవరితో పడదో అడుగు. తెచ్చాక మాత్రం గబుక్కున తొట్టిలో వదిలీకు. మూడు రోజులు వేరే కుండలో ఉంచు. తొట్టి నీళ్ళు చిప్పతో కొంచెం కొంచెంగా కుండలో కలుపు. పువ్వు వాసన చేపకి అంటుతుంది. అప్పుడు పువ్వు దాన్ని పరాయిదనుకోదు. తెలిసిందా?”

“ఊఁ.”

“ఊఁ కాదు. నేను మా చెల్లెలింటికెళ్ళి పున్నమి రోజుకొస్తాను. తిన్నగా ఉండు.”

ఆ మధ్యాహ్నం పోటులో నారింజ చేప కనిపించింది. కళ్ళు నీటిబొట్లలా మెరుస్తున్నాయి. నూకాలు వేళ్ళ మధ్య రొయ్యపొట్టు పెడితే లటుక్కున లాక్కుంది.

“నీకు ఎవరితో పడదు?”

“పెద్ద నోళ్ళతో. వాటికి నేను బాగా నచ్చుతాను, అదే చిక్కు.”

నూకాలు పకపకా నవ్వి, పువ్వు సంగతంతా చెప్పింది. చేప శ్రద్ధగా విన్నది. “పాపం, ఎవరితోనూ మాట్లాడదా? ఏం పర్లేదు. నేను మాట్లాడే మాటలు ఇద్దరికీ సరిపోతాయిలే.”

అంతే, నూకాలు మనసు గాల్లో తేలిపోయింది. చేపని కుండలో వేసింది. ఒకసారి కుండ వైపు చూసింది, ఒకసారి తొట్టి వైపు చూసింది. ఇంత చక్కటి జంటకి మూడు రోజుల ఎడబాటా? మామ్మకేం తెలుసు! సాయంత్రం కాకుండానే కుండెత్తి తొట్టిలో వంపేసింది.

నారింజ చేప రెక్కలు చాచి, కబుర్లు చెప్పుకుంటూ నేరుగా పువ్వు మీదికే వెళ్ళింది. ముడుచుకున్న పువ్వు ఉలిక్కిపడింది. చుర్రు! చుర్రు! చుర్రు! మొప్ప పక్కన ఒకటి, నడుం మీద ఒకటి, తోక దగ్గర ఒకటి.

“అమ్మోయ్!” అంది చేప.

నూకాలు ఏడుస్తూ దాన్ని దోసిట్లోకి తీసింది. కందిరీగ కుడితే మామ్మ సున్నం రాయడం గుర్తొచ్చింది. ఇంట్లోని సున్నపు పిడత తెచ్చి మూడు చోట్లా చుట్టూ పట్టీల్లా పూసి, చేపని మళ్ళీ కుండలో ఉంచింది. పువ్వేమో ఇదివరకటికన్నా గట్టిగా ముడుచుకుపోయింది.

పున్నమి వచ్చింది. మామ్మ వచ్చింది. మధ్యాహ్నం పోటు అల వాకిలి దాకా పొంగి గంగమ్మ కూడా వచ్చింది. కుండలో చేపని చూసి అడిగింది, “ఏమయిందిరా ఒంటికి?”

“రాయికి గీసుకుంది తల్లీ,” అంది నారింజ చేప, పువ్వు వైపు చూడకుండా.

“రాయి గీసుకుంటే మూడు చోట్ల చుట్టూ కందుతుందా? ఇది పువ్వు కుట్టిన కుట్టే. నూకాలూ, మూడు రోజులు కుండలో ఉంచాకే వదిలావా?”

నూకాలు ఓరకంట చూసింది. మామ్మ చూస్తోంది. “ఆఁ... అలాగే వదిలాను.”

గంగమ్మ పెద్దగా నిట్టూర్చింది. తీరమంతా నురగ పాకింది. “నెమ్మదిగా అలవాటు చేసినా కుట్టిందంటే, దీనికి ఇక ఎవరి తోడూ అచ్చిరాదు. లోతుల్లో, ఏ చేపా రాని చీకట్లో పెట్టేస్తాను.”

అల చెయ్యి చాచింది. పువ్వు రేకులు వణికాయి. అది ఏమీ అనలేదు. ఎప్పుడూ అనలేదుగా.

నూకాలు తొట్టిని రెండు చేతులా వాటేసుకుంది. “వద్దు గంగమ్మ తల్లీ! తప్పు దానిది కాదు, నాది! నేను అబద్ధం చెప్పాను. మూడు రోజులు కాదు, ఒక్క పూట కూడా ఆగలేదు. ఆగలేక వంపేశాను. పువ్వు హడలిపోయి కుట్టింది. శిక్ష వేస్తే నాకు వెయ్యి!”

మామ్మ నోట్లో తమలపాకు నమలడం ఆపేసింది. అప్పుడు గంగమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకి వాకిలంతా తడిసిపోయింది.

“ఈ మాట కోసమే చూస్తున్నానే గుంటా! సరే, ఇంకో మూడు రోజులు. ఈసారి కుండలోనే.”

నూకాలు మూడు రోజులూ చిప్ప పట్టుకుని కుండ పక్కనే కూర్చుంది. నాలుగో రోజు చేపని వదిలింది. అది తోక కొస తాకించి వెనక్కి వచ్చింది. రెక్క తాకించి వెనక్కి వచ్చింది. ఊగుతూ, తూగుతూ, పొట్ట రాసుకుంటూ పువ్వు ఒంటి జిగురంతా పూసుకుంది. పువ్వు కుట్టలేదు. మెల్లగా వేళ్ళన్నీ విప్పి దాన్ని లోపలికి తీసుకుంది.

“ఆ సున్నం కడిగెయ్యనా?” అంది నూకాలు.

“ఉండనీ,” అంది చేప సిగ్గుపడుతూ. “అది తను మొదటిసారి తాకిన చోటు.”

అప్పటినుంచే నారింజ చేప ఒంటి మీద మూడు తెల్ల పట్టీలు ఉన్నాయి. అప్పటినుంచే అది సముద్ర పువ్వు దగ్గరికి నెమ్మదిగా, ఆడుతూ ఆడుతూ వెళ్తుంది. వెళ్ళి దాని వేళ్ళ మధ్యే కాపురముంటుంది. ఇళ్ళలో గాజు తొట్టి పెట్టుకునేవాళ్ళు కొత్త చేపని కొన్నాళ్ళు విడిగా ఉంచేదీ అందుకే.

ఇంతకీ ఆ రోజు పువ్వు మొదటిసారి నోరు విప్పిందట. రేకుల మధ్య ముడుచుకున్న చేపతో గుసగుసగా అందట:

“నిన్ను కుట్టాక నేను చాలా ఏడ్చాను. నీళ్ళల్లో ఉన్నాను కదా, ఎవరికీ కనపడలేదంతే.”